బస్సు ప్రయాణమూ – మీ ఆరోగ్యమూ

"డాక్టరుగారూ! నీళ్ళు బాగా తాగమంటారు, బాగానే వుంది. తాగితే ఎక్కడికి వెళ్ళమంటారు?"

కొన్నేళ్ళ క్రితం మా నల్లపాడులో ఒక సోదరి నన్ను అడిగిన ప్రశ్న ఇది. ఆమె వయస్సు ముప్ఫయి అయిదు. విజయవాడ సత్యనారాయణపురంలో ఒక బట్టలకొట్లో పని. తెల్లవారుజామున లేచి వంట చేసి, పిల్లలకు కారేజీలు సర్ది, ఆటోలో గుంటూరు బస్‌స్టాండుకు, అక్కడినుంచి బస్సులో విజయవాడకు, దిగాక మళ్ళీ సిటీబస్సో ఆటోనో పట్టుకుని కొట్టుకు చేరేది. తిరిగి ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది. పొద్దున అయిదింటికి కాఫీతో పాటు తాగిన గ్లాసుడు నీళ్ళే నీళ్ళు. మళ్ళీ ఇంటికొచ్చాకే.

ఆ రోజు ఆమె చలితో వణుకుతూ వచ్చింది. తీవ్రమైన జ్వరం, నడుముకు కుడివైపు పోటు, మూత్రంలో మంట, వాంతులు. పరీక్ష చేయిస్తే మూత్రంలో చీముకణాలు నిండుగా కనిపించాయి. ఇన్‌ఫెక్షను మూత్రపిండం దాకా పాకిందన్న మాట. ఆసుపత్రిలో చేర్చుకుని ఇంజక్షన్లు ఇస్తే తగ్గింది. అయిదు నెలల్లో ఇది రెండోసారి. "నీళ్ళు ఎందుకు తాగవమ్మా?" అని మందలించాను. అప్పుడు వచ్చింది పైన చెప్పిన ప్రశ్న.

పాతికేళ్ళుగా "నీళ్ళు ఎక్కువగా తాగవలెను" అని చీటీల మీద రాస్తూ వచ్చినవాణ్ణి. అలా తాగటానికి ఏం అడ్డం వస్తోందో ఎవరినీ అడగలేదు. ఆమెకు జబ్బు తెచ్చింది అజాగ్రత్త కాదు, ప్రయాణం. ఏ బస్సు ఎప్పుడు వస్తుందో, ఏ కూడలిలో ఎంతసేపు ఆగుతుందో తెలియదు. మధ్యలో అవసరం వస్తే దిగటానికి చోటు లేదు. అందుకని నీళ్ళే మానేసింది. మీ ఇంట్లోనో, మీ పక్కింట్లోనో ఇలాంటివారు తప్పక వుంటారు. అందుకే ఈ వారం బస్సు ప్రయాణం గురించి ముచ్చటించుకుందాం.

బస్సుకు విడిగా దారి

బీఆర్‌టీఎస్ అనే మాట మీరు వినే వుంటారు. బస్ రాపిడ్ ట్రాన్సిట్ సిస్టమ్ అనే పేరుకు అవి పొడి అక్షరాలు. రోడ్డు మధ్యలో బస్సులకు మాత్రమే ప్రత్యేకంగా దారి కేటాయించటం, బస్సు నేలకు సరిసమానమైన ఎత్తులో ప్లాట్‌ఫారం కట్టటం, టిక్కెట్టు ఎక్కకముందే ఇవ్వటం, కొద్ది నిమిషాలకొక బస్సు నడపటం – స్థూలంగా ఇదీ పద్ధతి. బ్రెజిల్ దేశంలోని కురిటీబా నగరంలో 1974లో ఇలా బస్సులకు వేరే దారి ఏర్పాటు చేశారు. కొలంబియా రాజధాని బొగోటాలో 2000 సంవత్సరంలో, మన దేశంలో అహమ్మదాబాదులో 2009లో ఇటువంటి బస్సులు మొదలయ్యాయి. మా నల్లపాడు లైను మీదుగా పోయే అమరావతి ఎక్స్‌ప్రెస్ మరునాటికి హుబ్బళ్ళి చేరుస్తుంది. హుబ్బళ్ళికీ ధార్వాడకూ మధ్య సుమారు 22 కిలోమీటర్ల బస్సు దారిని 2020 ఫిబ్రవరిలో నాటి ఉపరాష్ట్రపతి, మన నెల్లూరు జిల్లావారైన ముప్పవరపు వెంకయ్యనాయుడుగారే లాంఛనంగా ప్రారంభించారు.

మన రాష్ట్రంలో కూడా ఈ ప్రయత్నం జరిగింది. 2005 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన జవహర్‌లాల్ నెహ్రూ పేరిటి నగరాభివృద్ధి పథకం కింద విజయవాడకూ, విశాఖపట్నానికీ బీఆర్‌టీఎస్ మంజూరయింది. విశాఖలో పెందుర్తి వైపు ఒకటి, సింహాచలం మీదుగా ఒకటి, రెండు దారులు తలపెట్టారు. విజయవాడలో సత్యనారాయణపురం ప్రాంతంలో వెడల్పాటి రోడ్డు వేసి, నడుమ బస్సులకు దారి కట్టారు. కాని ఆ నడిమి దారి అనుకున్నంతగా బస్సులతో నిండలేదు. పేరు మాత్రం నిలిచిపోయింది. ఆటో అబ్బాయితో "బీఆర్‌టీఎస్ రోడ్డు" అంటే చాలు, తీసుకెళ్ళి దింపుతాడు.

నేను చెప్పిన సోదరి పనిచేసే కొట్టు ఆ దగ్గరలోనే. "బస్సు కోసం వేసిన దారి ఖాళీగా వుండేది డాక్టరుగారూ. నేనెక్కిన ఆటో పక్కన పొగలో ఆగి వుండేది" అన్నది. దారి వేస్తే సరిపోదు, దాని మీద వేళకు బస్సు నడవాలి. మందుసీసా కొని అలమారులో పెట్టుకుంటే జ్వరం తగ్గదు గదా!

వైద్యుడికి రోడ్డు సంగతులెందుకు అనుకోవద్దు. బస్సు ఎన్నింటికి వచ్చి ఎన్నింటికి చేరుస్తుందో ఖచ్చితంగా తెలిస్తే, ఆమె బయలుదేరే ముందు నిశ్చింతగా రెండు గ్లాసుల నీళ్ళు తాగి వుండేది. ముప్పావుగంటలో చేరతానని తెలిసినవారు నీళ్ళకు భయపడరు. ముప్పావుగంటో, రెండు గంటలో తెలియనివారే భయపడతారు. ప్రయాణం వేగంగా సాగటం ఒక ఎత్తు, నమ్మకంగా సాగటం ఒక ఎత్తు. ఆరోగ్యానికి రెండోదే ముఖ్యం. సరే, ప్రభుత్వాలు చేయవలసినవి అవి చేస్తాయి. ఈలోగా మన చేతిలో వున్నవి చూద్దాం.

నీళ్ళూ – మూత్రమూ

మూత్రం బిగబట్టుకోవటం, నీళ్ళు తాగకపోవటం – ఈ రెండూ కలిస్తే జబ్బుకు దారి చేసినట్లే. మూత్రం ఎప్పటికప్పుడు బయటకు పోతూ వుంటే, లోపలికి చేరిన సూక్ష్మక్రిములు కూడా దానితో కొట్టుకుపోతాయి. గంటల తరబడి నిలవ వుంటే అవి వృద్ధి చెందుతాయి. స్త్రీలలో మూత్రనాళం పొట్టిది కాబట్టి క్రిములు మూత్రాశయంలోకి తేలికగా చేరతాయి. మన ఎండలకు చెమటరూపంలో నీరు పోయి మూత్రం చిక్కబడుతుంది. చిక్కబడిన మూత్రంలో లవణాలు పేరుకుని రాళ్ళు కూడా ఏర్పడవచ్చు.

మీకు చాలినంత నీరు అందుతున్నదా లేదా తెలుసుకోవటానికి పరీక్షలక్కరలేదు. మూత్రం లేత పసుపురంగులో వుంటే చాలినట్లు. ముదురు పసుపుగా, తక్కువగా వస్తూ వుంటే చాలనట్లు. ఇల్లు వదిలే ముందు, పనిచేసే చోటికి చేరగానే, తిరుగు ప్రయాణానికి ముందు – ఈ మూడు వేళల్లో తప్పనిసరిగా మూత్రవిసర్జన చెయ్యండి. మధ్యలో కూడా మూడు నాలుగు గంటలకు మించి ఆపుకోవద్దు. నీళ్ళు ఒక్కసారే చెంబెడు తాగకుండా కొద్దికొద్దిగా రోజంతా తాగండి. వేసవిలో పలచటి మజ్జిగ మంచిది. రంగునీళ్ళు, రోడ్డుపక్క ఐసు వేసిన పానీయాలు వద్దు. గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు వున్నవారు మాత్రం ఎంత నీరు తాగాలో తమ వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవాలి.

మూత్రంలో మంట, మాటిమాటికీ రావటం మొదటి గుర్తులు. చలిజ్వరం, నడుంపోటు, వాంతులు, మూత్రంలో రక్తం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. గర్భిణీలు చిన్న మంటనైనా తేలిగ్గా తీసుకోకూడదు. మందులషాపులో అడిగి రెండు బిళ్ళలు వేసుకుని ఊరుకుంటే జబ్బు పైపైన అణిగి లోపల ముదురుతుంది.

ఎక్కటం – దిగటం

బస్సు మెట్టు ఎంత ఎత్తుందో పడుచువారికి తెలియదు. మోకాళ్ళనొప్పులున్న అత్తగారిని అడగండి, చెబుతుంది. ఏభయి దాటిన స్త్రీలలో ఎముకలు గుల్లబారటం ఎక్కువ. అలాంటివారు బస్సు దిగుతూ జారిపడితే మణికట్టో, తుంటో విరుగుతుంది. తుంటి ఎముక విరిగిన ముసలివారిలో కొందరు మళ్ళీ మునుపటిలా లేచి తిరగలేరు. నేను చూసిన కేసుల్లో బస్సు పూర్తిగా ఆగకముందే దిగబోయినవారే ఎక్కువ. ప్లాట్‌ఫారం ఎత్తూ, బస్సు నేల ఎత్తూ సమానంగా వుండాలనే బీఆర్‌టీఎస్ పద్ధతి వృద్ధులకూ, గర్భిణీలకూ, కాళ్ళు సరిగాలేనివారికీ నిజంగా ఒక వరం.

అలాంటి ప్లాట్‌ఫారం లేనిచోట ఈ జాగ్రత్తలు పాటించండి. మోకాలినొప్పి వున్నవారు ఎక్కేటప్పుడు నొప్పిలేని కాలు ముందు పెట్టాలి. దిగేటప్పుడు నొప్పివున్న కాలు ముందు పెట్టాలి. ఒక చెయ్యి ఎప్పుడూ కడ్డీ పట్టుకునేందుకు ఖాళీగా వుండాలి. సంచులు రెండు చేతులా పట్టుకుని ఎక్కవద్దు. చీరకుచ్చెళ్ళు కొంచెం పైకి దోపుకోండి. బస్సు కదిలిందంటే వదిలెయ్యండి, ఇంకొకటి వస్తుంది. మూర్ఛలు వచ్చేవారు, కళ్ళు తిరిగేవారు ఫుట్‌బోర్డు దగ్గర నిలబడనే కూడదు. కాలేజీ పిల్లలకు ఈ ముక్క చెప్పినా వినరు. అయినా చెప్పటం మన ధర్మం.

రోడ్డు మధ్య బస్‌స్టాపు

బస్సు దారి రోడ్డు నడుమ వుంటే, అక్కడికి చేరటానికి వాహనాల నడుమ నుంచి వెళ్ళాలి. ఢిల్లీలో అంబేద్కర్‌నగర్ నుంచి మూల్‌చంద్ దాకా వేసిన దారి 2008లో ప్రారంభమై, విమర్శలకు గురై 2016లో తొలగించబడింది. అక్కడి చిక్కులలో ప్రయాణీకులు రోడ్డు దాటే ఇబ్బంది కూడా ఒకటి. కాబట్టి స్టాపు కట్టినవారే దాటటానికి సిగ్నలూ, చారల దారీ ఏర్పాటు చెయ్యాలి.

మన వంతు మనం చేద్దాం. రెయిలింగు దూకవద్దు. చారలున్నచోట మాత్రమే దాటండి. ఖాళీగా కనిపిస్తున్నదని బస్సు దారిలో నడవవద్దు. అడ్డంలేని దారి కాబట్టి బస్సు వేగంగా వస్తుంది. దాటేటప్పుడు రెండువైపులా చూడండి, పిల్లవాడి చెయ్యి కాదు, మణికట్టు పట్టుకోండి. చెవిలో పాటలు పెట్టుకుని రోడ్డు దాటటం కళ్ళకు గంతలు కట్టుకుని దాటటం లాంటిదే.

పొగా – దుమ్మూ

డీజిలు పొగ ఊపిరితిత్తుల కేన్సరుకు కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సరు పరిశోధనా విభాగం 2012లో నిర్ధారించింది. ఉబ్బసం, గుండెజబ్బు వున్నవారికి ఆ పొగ వెంటనే బాధ కలిగిస్తుంది. మా ప్రాంతంలో పొగకు తోడు మిరపకాయల కాలంలో కోరు కూడా వుంటుంది. గుంటూరు మిర్చియార్డుకు టిక్కీలు చేరే రోజుల్లో బస్సులో కూర్చున్నా తుమ్ములూ, దగ్గూ తప్పవు.

బస్‌స్టాండులో ఇంజను ఆపకుండా నిలబెట్టిన బస్సు వెనుక నిలబడకండి. పొగగొట్టానికి దూరంగా, గాలి వచ్చే వైపు నిలబడండి. ఉబ్బసం వున్నవారు పీల్చే మందును సంచి అడుగున కాక, చేతికందేచోట పెట్టుకోవాలి. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే దుమ్ము, కోరు కొంతవరకూ ఆగుతాయి, కాని సన్నటి పొగ ఆగదు. దానికి ఎన్-95 మాస్కు నయం. నిండుగా నడిచే బస్సు ఒకటి రోడ్డు మీద ఎన్నో స్కూటర్లనూ, కార్లనూ తగ్గిస్తుంది. అంటే మీరు బస్సెక్కటం పక్కవాడి ఊపిరితిత్తులకు కూడా మేలే.

నిలబడటం – నడవటం

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో స్త్రీలకు టిక్కెట్టు లేకుండా ప్రయాణించే సదుపాయం కలిగింది. సంతోషమే. ఆసుపత్రికి రావటానికి చార్జీల కోసం భర్తను అడగవలసిన పని తప్పిందని నాతో అన్నవారున్నారు. ఉచితమనగానే రద్దీ కూడా వుంటుంది గనుక నిలబడి ప్రయాణం చెయ్యటం నేర్చుకోవాలి.

గంటసేపు కదలకుండా నిలబడితే రక్తం కాళ్ళలో నిలిచి పాదాలు వాస్తాయి. పిక్కల మీద నరాలు తేలినవారికి నొప్పి ఎక్కువవుతుంది. నిలబడినచోటనే, కడ్డీ గట్టిగా పట్టుకుని, మడమలు పైకెత్తి దించుతూ వుండండి. పిక్కల కండరాలు బిగిసి వదులుతూ రక్తాన్ని పైకి తోస్తాయి. కళ్ళు చీకట్లు కమ్మి, చెమటపట్టి పడిపోయేట్లు అనిపిస్తే సిగ్గుపడకుండా చెప్పి కూర్చోండి. ఎవరైనా పడిపోతే పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టాలి, చుట్టూ మూగకూడదు, స్పృహలేనివారి నోట్లో నీళ్ళు పొయ్యకూడదు. మధుమేహానికి మందు వాడేవారు భోజనం వేళ తప్పిపోతుందనుకుంటే బిస్కట్లో, పంచదారో దగ్గర వుంచుకోవాలి. ప్రయాణంలో వణుకూ, చెమటా, తత్తరపాటూ వస్తే వెంటనే తీపి తినాలి.

ఇక బస్సువల్ల మనకు తెలియకుండా కలిగే లాభం నడక. పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల ఓమాదిరి వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో కూడా చెప్పింది. ఇంటినుంచి బస్సు దాకా పది నిమిషాలు, బస్సు దిగి పనిచోటికి అయిదు నిమిషాలు, తిరుగు ప్రయాణంలో మళ్ళీ అంతే – రోజుకు అరగంట. వారానికి అయిదు రోజులకు 150 నిమిషాలు సరిపోయాయి. అయితే కాలు ఈడ్చుకుంటూ కాదు, కొంచెం చురుగ్గా నడవాలి. గుమ్మంలో స్కూటరెక్కి ఆఫీసు గుమ్మంలో దిగేవారికి ఈ భాగ్యం లేదు. సాయంత్రం వారు ప్రత్యేకించి నడవవలసిందే.

వాంతులు

బస్సెక్కగానే వాంతులు కొందరికి చిన్నప్పటినుంచీ వుంటాయి. ఇది జబ్బు కాదు. బస్సు కుదుపులను చెవిలోపలి భాగం ఒకరకంగా, కళ్ళు ఒకరకంగా మెదడుకు చెప్పటంవల్ల వచ్చే తికమక. ముందుసీట్లలో కూర్చోండి. దూరంగా కదలని వస్తువును చూడండి. పుస్తకం, ఫోను చూడవద్దు. పొట్ట బిర్రుగానూ, బొత్తిగా ఖాళీగానూ వుండకూడదు. రెండు ఇడ్లీలు తిని బయలుదేరండి. మాత్ర అవసరమైతే బయలుదేరటానికి అరగంట ముందుగా వేసుకోవాలి. ఆ మాత్రలు నిద్ర తెప్పిస్తాయి కనుక వేసుకున్నరోజు బండి నడపకూడదు. పసిపిల్లలకు వైద్యుణ్ణి అడగకుండా ఇవ్వకూడదు.

చీటీ మీద ఇంకో వాక్యం

మొదట చెప్పిన సోదరి దగ్గరికి వద్దాం. రెండోసారి ఇంటికి పంపేటప్పుడు మామూలుగా మాత్రలు రాసి, కింద ఇంకో వాక్యం చేర్చాను: "ఈమె ప్రతి మూడు గంటలకు ఒకసారి మరుగుదొడ్డికి వెళ్ళటం వైద్యరీత్యా అవసరం." అది కొట్టు యజమానికి చూపించమన్నాను. కొట్టుకు మరుగుదొడ్డి వుంది, కాని తాళం యజమాని జేబులో వుండేది. అడగటానికి ఆమెకు మొహమాటం, ఆయనకు ఆ ఆలోచనే రాలేదు. చీటీ చూసి, కాస్సేపు తలవంచుకుని, తాళంచెవి గోడకు మేకు కొట్టి తగిలించాడట. ఆమెతో పనిచేసే మిగతా నలుగురు ఆడవాళ్ళకూ అది ఉపయోగపడింది. ఆమెకు ఆ జ్వరం మళ్ళీ రాలేదు.

కాబట్టి కొట్ల యజమానులకు, ఆఫీసర్లకు, హెడ్మాస్టర్లకు ఒక విన్నపం. మీ దగ్గర పనిచేసేవారు, చదివేవారు బస్సులో గంటో రెండు గంటలో ప్రయాణం చేసి వస్తారు. వచ్చిన వెంటనే పని చెప్పకుండా ఒక అయిదు నిమిషాలు వదలండి. శుభ్రమైన మరుగుదొడ్డి, తాగే నీళ్ళు అందుబాటులో వుంచండి.

మీకు కూడా ఒక మాట. సిగ్గుపడి ఆపుకునేవి మూత్రమూ, ప్రశ్నా. రెండూ ఆపుకోవద్దు. బస్‌స్టాపులో మరుగుదొడ్డి ఎందుకు లేదని పురపాలక సంఘంవారిని అడగండి. బస్సు కోసం వేసిన దారి మీద బస్సు ఎందుకు నడవటం లేదని అడగండి. మీరిచ్చే అర్జీ మీద పదిమంది సంతకాలుంటే అది నేనిచ్చే మాత్రలకన్నా ఎక్కువ రోజులు పనిచేస్తుంది.

రేపు ఉదయం బయలుదేరేముందు సంచిలో నీళ్ళసీసా పెట్టుకోవటం మరచిపోకండి. పెట్టుకున్న నీళ్ళు సాయంత్రానికి మిగల్చకండి.